దేవదాసు జేబులో దొరికిన రెండు ఉత్తరాలు

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో బెంగాలీ రచయిత శరత్‌చంద్ర 'దేవదాసు' నవల మీద పాఠకుల అభిప్రాయాలు వేశారు, ఒకటికి రెండుసార్లు చదివాను. నాది తెనాలి, స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఒకాయన ఇది తాగుబోతు సెంటిమెంటు కథ, ఇంకా ఎన్నాళ్ళు నెత్తిన పెట్టుకుంటారు అన్నారు. ఒకమ్మాయి, రాసిన తీరు చూస్తే కాలేజీ వయసులా ఉంది, చిన్ననాటి నుంచి ప్రేమించిన పార్వతిని కొట్టినవాడి కోసం నేనెందుకు ఏడవాలి అని అడిగింది. ఇంకొకరు నాగేశ్వరరావు గారి సినిమా తల్చుకుని ఆ పాటలే పాటలు అన్నారు. అందరూ ప్రేమ గురించే రాశారు, ఇంట్లో మనిషి పోవడం గురించి ఒక్కరూ రాయలేదు. నాకైతే ఇప్పుడు ఆ పుస్తకంలో అదే కనిపిస్తోంది, అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ అమ్మాయికి జవాబు చెప్పాలి. అమ్మా, నువ్వు రాసింది నిజం. దేవదాసు చేపలు పట్టే గాలం కర్రతో పార్వతి నుదుటి మీద కొడతాడు, ఆ మచ్చ ఆమెకు ఉండిపోతుంది. ఆ పిల్ల రాత్రివేళ ఒంటరిగా అతని గదికి వచ్చి పెళ్ళి చేసుకోమని అడిగితే తల్లిదండ్రుల మాట దాటలేక వెనక్కి తగ్గుతాడు. దాన్ని ప్రేమ అని సమర్థించే ఓపిక నాకూ లేదు. పదహారేళ్ళప్పుడు లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివినప్పుడు నేను ఏడ్చింది పార్వతి కోసమే, అతని కోసం కాదు. మన సినిమా వచ్చింది 1953లో, అప్పట్నుంచి మనకి దేవదాసంటే గడ్డం, శాలువా, సీసా. వీధిలో ఎవడన్నా గడ్డం పెంచితే దేవదాసు అంటాం. సినిమా గొప్పదే, కాదనను. కానీ ఆ బొమ్మ పుస్తకానికి అడ్డం నిలబడింది, పుస్తకం అక్కడితో అయిపోలేదు.

తండ్రి పోయినప్పటి ఘట్టం ఎంతమందికి గుర్తుందో తెలియదు. ఇల్లంతా గోలగా ఉంటుంది. అన్న ద్విజదాసు చుట్టూ జనం. దేవదాసు ఒక స్తంభానికి ఆనుకుని ఊరికే కూర్చుంటాడు, కంట్లో చుక్క నీరు ఉండదు. పలకరించడానికి ఎవరన్నా దగ్గరికొస్తే, అటు వెళ్ళండి అని అన్నగారి వైపు చెయ్యి చూపిస్తాడు. శరత్ రెండు మూడు వాక్యాల్లో చెప్పేసి ముందుకెళ్ళిపోయాడు. నేనూ చిన్నప్పుడు అలాగే దాటేశాను. ఆ వయసులో నాకు తెలిసిన దుఃఖమల్లా పరీక్ష తప్పడం, స్నేహితురాలికి పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోవడం.

2021 మే నెలలో మా అన్నయ్య కరోనాతో పోయాడు. గుంటూరులో ఒక ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాడు. మమ్మల్నెవర్నీ లోపలికి రానివ్వలేదు, అది వాళ్ళ తప్పని నేననను, అప్పటి పరిస్థితి అది. పోయాక ముఖం కూడా దూరం నుంచే చూశాం, జిప్పు కొంచెం కిందికి లాగి చూపించారు, అంతే. తెల్ల కిట్లు వేసుకున్న నలుగురు కుర్రాళ్ళు శ్మశానం దగ్గర వ్యానులోంచి దించి మోసుకెళ్ళారు. మా వదిన ఒక్క అడుగు ముందుకు వేస్తే వాళ్ళలో ఒకతను చెయ్యి అడ్డం పెట్టి, వద్దమ్మా, మేం జాగ్రత్తగా చూసుకుంటాం అన్నాడు. మాస్కు, అద్దాల వెనకాల అతని మొహం కనపళ్ళేదు, గొంతు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. పాతికేళ్ళు కూడా ఉండవు ఆ గొంతుకి.

అప్పటికి మా నాన్నగారికి ఎనభై రెండేళ్ళు. ఆయన ఏడవలేదు. ఎవరు ఫోన్ చేసినా, అమ్మాయితో మాట్లాడండి అని ఫోన్ నా చేతికి ఇచ్చేసేవారు. నెల రోజులు అంతే. మనిషి రాయిలా అయిపోయాడని చుట్టాలు అనుకున్నారు, ఒకరిద్దరు నాతోనే అన్నారు, నాకూ లోపల కోపంగానే ఉండేది. ఆ డిసెంబరులో నిద్ర పట్టక పాత పుస్తకాలు తిరగేస్తుంటే దేవదాసు చేతికొచ్చింది. ఆ స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఇక చదవలేకపోయాను, పుస్తకం మూసి నాన్నగారి గదిలోకి వెళ్ళి ఆయన మంచం మీద కూర్చున్నాను. ఏమీ మాట్లాడుకోలేదు. ఏడవనివాడికి దుఃఖం లేదనుకున్నాం మేమంతా, వందేళ్ళ కిందటి పుస్తకం వచ్చి చెప్పాల్సొచ్చింది.

తర్వాత నాలుగు రోజులకి పుస్తకం పూర్తిచేశాను. దేవదాసు జబ్బుతో ఉండి, పోయేముందు ఒకసారి వస్తానని పార్వతికిచ్చిన మాట కోసం, నిద్రపోతున్న నౌకరు ధర్మదాసుని రైల్లోనే వదిలేసి పాండువా స్టేషన్‌లో దిగి, ఎడ్లబండి మీద పడి వెళ్ళి, ఆమె అత్తవారింటి ముందు రావిచెట్టు కింద పోతాడు, ఇది అందరికీ తెలిసిందే. తెల్లారాక పోలీసులు వచ్చి జేబులు వెతుకుతారు. రెండు ఉత్తరాలు దొరుకుతాయి. ఒకటి అన్న ద్విజదాసు రాసింది, డబ్బు పంపడం ఇప్పుడు కుదరదని. రెండోది కాశీ నుంచి తల్లి రాసింది, ఎలా ఉన్నావని. ఆ రెండు ఉత్తరాలకీ కలిపి శరత్ రెండు ముక్కలే రాశాడు. అసలు అలాంటిది ఒకటి పుస్తకంలో ఉందనే నాకు గుర్తులేదు, నలభై ఏళ్ళలో ఎన్నిసార్లు చదివానో.

అన్నయ్య పోయిన ఏడాదే ఏప్రిల్ మొదట్లో వాడు, కూతురి ఫీజుకి కొంచెం డబ్బు సర్దగలవా అని నాకు మెసేజ్ పెట్టాడు. ఇప్పుడు కుదరదు అన్నయ్యా అని పెట్టాను. నా దగ్గర లేక కాదు, ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయడం ఇష్టం లేక. వాడు సరేలేమ్మా అన్నాడు, అంతటితో అయిపోయింది. ఆసుపత్రి వాళ్ళు వాచీతో పాటు ప్లాస్టిక్ కవర్లో వేసిచ్చిన ఫోన్ మా మేనల్లుడు చార్జింగ్ పెట్టి ఆన్ చేస్తే, అమ్మ పెట్టిన వాయిస్ మెసేజ్ వినకుండా ఉండిపోయింది. ఎలా ఉన్నావు నాన్నా, ఏమన్నా తిన్నావా అని. దాని కింద పేర్లలో నాది ఉంది, తెరిస్తే నా చివరి మాట అదే, కుదరదని. ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. మీ పేజీలో చాలామంది పేరు లేకుండా రాశారు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను.

సెంటిమెంటు నవల అని తేలిగ్గా తీసేసిన ఆయనకి నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఏడిపించడానికి రాసేవాడైతే ఆ ఉత్తరాలు పూర్తిగా రాసి మన చేత చదివించేవాడు, తల్లి చేత నాలుగు పేజీలు ఏడిపించేవాడు. శరత్ అలా చెయ్యలేదు. ఎలా ఉన్నావు అన్న ఒక్క మాట పెట్టి ఊరుకున్నాడు. కుర్రతనంలో రాసి పెట్టుకుంటే 1917లో పుస్తకంగా వచ్చింది ఈ నవల, చదువుతుంటే ఆ కుర్రతనం కొన్నిచోట్ల తెలుస్తుంది కూడా, వేశ్య చంద్రముఖి అతని కోసం మారిపోయే తీరు నాకు ఎప్పుడూ పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. కానీ చివరి నాలుగు పేజీలు అలా కాదు. మన తెలుగువాళ్ళు శరత్‌ని బెంగాలీ అని మర్చిపోయేంతగా సొంతం చేసుకున్నారంటే అందులో ఆ నవలల్ని తెలుగు చేసిన మా తెనాలి చక్రపాణి గారి చెయ్యి ఉంది. ఆయన క్షయ జబ్బుతో మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడే బెంగాలీ నేర్చుకున్నారు. పక్క మంచాల మీద మనుషులు పోతుంటే నేర్చుకున్న భాష అది. ఆ తెలుగులో దుఃఖం ఎక్కడా అరవదు, దానికి కారణం ఇదేనేమో అని నాకనిపిస్తుంది, ఇది నా ఊహ మాత్రమే.

ఇంకో సంగతి కూడా ఆ పేజీల్లోనే ఉంది, మీ పాఠకుల్లో ఎవరూ దాని జోలికి పోలేదు. ఆ శవాన్ని ఊళ్ళో ఒక్కరూ ముట్టుకోరు. చివరికి ఊరు చండాలురని దూరం పెట్టినవాళ్ళే వచ్చి మోసుకెళ్ళి, ఎండిపోయిన చెరువు గట్టున సగం కాల్చి వదిలేస్తారు. అంత పెద్ద జమీందారు కొడుక్కి దక్కింది అది. ఆ తర్వాతే శరత్ మనల్ని అడుగుతాడు, చావు ఎవరికైనా తప్పదు, కానీ పోయేవేళ ప్రేమగా ఒక చెయ్యి నుదుటిని తాకాలని, తనకోసం కన్నీరు పెట్టే ఒక్క మనిషినైనా చూసి పోవాలని ప్రార్థించండి అని. దీన్ని తాగుబోతు మీద జాలి అనుకుని చదివిన రోజులు నాకూ ఉన్నాయి. 2021 తర్వాత ఆ పేరా చదివి ఊరుకోగలిగిన ఇల్లు మన రాష్ట్రంలో ఎన్ని ఉంటాయి చెప్పండి.

మా అమ్మ చదువుకుంటుంటే, ఆ ఏడుపుగొట్టు పుస్తకాలు నీకెందుకే అని విసుక్కునే నాన్నగారు, కిందటి నెల నేను అమ్మ మంచం దగ్గర వదిలేసిన ఆ పుస్తకం తీసి, భూతద్దం పెట్టుకుని చివరి పేజీలు మాత్రం చదివారు. చదివి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, "మన అబ్బాయిని మోసినవాళ్ళకి మనం మంచినీళ్ళయినా ఇచ్చామా అమ్మాయ్?" అన్నారు. ఇవ్వలేదు. వ్యాను తలుపేసుకుని వాళ్ళు ఇంకో మనిషి కోసం వెళ్ళిపోయారు, మేం వాళ్ళ పేర్లు కూడా అడగలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదలు.

కాబట్టి సంపాదకుడు గారూ, నా అభిప్రాయం వెయ్యడానికి చోటు లేకపోతే ఈ ఒక్క ముక్క వెయ్యండి చాలు. 2021 మే రెండో వారంలో గుంటూరు శ్మశానంలో పనిచేసిన కుర్రాళ్ళు ఎవరైనా మీ పేపరు చదువుతుంటే, మీకు కబురు పెట్టమనండి. మా చిరునామా విడిగా కాగితం మీద రాసి జత చేశాను, అచ్చులో వెయ్యకండి, వాళ్ళకి మాత్రం ఇవ్వండి. ఏ ఇంటి మనిషిని మోశారో వాళ్ళకి గుర్తుండకపోవచ్చు, ఫర్వాలేదు, ఎవరొచ్చినా సరే. మా నాన్నగారు వాళ్ళకి ఒక పూట అన్నం పెట్టాలంటున్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి