మిషన్‌కు అడ్వాన్స్ ఇచ్చేముందు

మస్కట్

తమ్ముడూ,

అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందంటివి, సంతోషం. పైసలు పంపిన, చూసుకో. దేవరకొండ రోడ్డు మీద వాటర్ సర్వీసింగ్ పెడుతనంటున్నవు. పెట్టు, జాగ మంచిదే. నాట్లప్పుడు ట్రాక్టర్లన్నీ బురదతోటి ఆ తొవ్వనే పోతయి. ఫోన్ల చెప్తే ఊ కొట్టి మర్చిపోతవని రాస్తున్న.

బండ్లు కడిగే ఆ ప్రెషర్ వాషర్ మిషన్ ఎక్కువ నీళ్ళు పోసి కడగదు. పంపుల పిస్టన్లు నీళ్ళను నెడితే అవన్నీ సన్నటి నాజిల్‌లకెళ్ళి దూకాలె, బలమంతా అక్కడిదే. ట్యాంకు పది మీటర్ల ఎత్తున పెడితే నల్లాల వచ్చే ఒత్తిడి ఒక బార్. దీంట్ల 100 బార్ దాటుతది. డిగ్రీలంటే నీళ్ళు ఎంత వెడల్పుగ విచ్చుకుంటయో ఆ కోణం. ఎర్ర నాజిల్ సున్నా డిగ్రీలది, దారమోలె తగులుతది. దాన్ని పెట్టెల పడెయ్. బండ్లకు 40 డిగ్రీల తెల్లది చాలు, గట్టి మట్టికి 25 డిగ్రీల ఆకుపచ్చది. టైరు పక్కకు, రేడియేటర్ రేకులకు, బేరింగులకు దగ్గర పెట్టకు. అడుగు దూరముండాలె.

అసలు సంగతి ఇది. మా యార్డుల ఒక పోరడు కాలి బురద పోవాలని చెప్పు మీదికి ఆ నీళ్ళ గన్ పట్టిండు. సూది గుచ్చినంత రంధ్రం, రక్తం గూడ సరిగ్గ రాలే. తెల్లారేసరికి కాలు వాచి ఆపరేషన్ దాక పోయింది. నీళ్ళు తోలు కిందికి దూరి మురికిని లోపలికి తోస్తయి. పనికి పెట్టుకునే పోరగాళ్ళకు ముందుగాల ఇదే చెప్పు: ఎంత చిన్న గాయమైనా అప్పుడే దవాఖానకు పోవాలె, ఏ మిషన్‌తోని తగిలిందో డాక్టర్‌కు చెప్పాలె. బూట్లు, కండ్లద్దాలు నువ్వే కొనియ్యి. ఆ ఖర్చుకు వెనకాడకు.

కరెంటుకు ఎర్తింగ్ సరిగ్గ చేపియ్యి, కరెంటు లీకైతే వెంటనే బంద్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టియ్యి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు, కాగుతది. పెట్రోల్‌దైతే షెడ్డు లోపల నడపకు, ఆ పొగ ప్రాణం తీస్తది. మన బోరు నీళ్ళ సంగతి నీకెరుకే, ఫిల్టర్ లేకుంటే నాజిల్ పూడుతది. నీళ్ళు రాకుండ పంపు తిరిగితే సీళ్ళు ఖరాబైతయి. బంద్ చేసినంక ట్రిగ్గర్ నొక్కి పైపుల ఒత్తిడి పోనియ్యి, అటెన్క నాజిల్ విప్పు.

మిషన్ మీద దాని వివరాలుండే ప్లేటు ఫోటో తీసి పంపు. నేను చూసినంకనే అడ్వాన్స్ ఇయ్యి.

మీ అన్న