హ్యాంగర్లు గోదాములు కాకముందే నిబంధన రాయాలి

సంపాదకులకు నమస్కారం.

భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం గురించి పత్రికల్లో వస్తున్న వార్తలు ఎక్కువగా టెర్మినల్ భవనం చుట్టూ, 3,800 మీటర్ల రన్‌వే చుట్టూ, విశాఖ నుంచి అక్కడికి చేరడానికి పట్టే సమయం చుట్టూ తిరుగుతున్నాయి. ప్రయాణికులకు ముందుగా కావలసినవి అవే కనుక అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. అయితే చిన్న విమానాలు, శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు నిలుపుకొనే హ్యాంగర్లను ఎవరికి, ఏ షరతులపై ఇస్తారు, వాటిలో విమానంతో సంబంధం లేని సొంత సామాను ఎంతవరకు పెట్టుకోనిస్తారు అన్న విషయంపై మొదటి తాళం చెవి చేతులు మారకముందే స్పష్టమైన నియమం ఉండాలని, అది అద్దె ఒప్పందంలోనే రాసి ఉండాలని ఈ లేఖ ద్వారా కోరుతున్నాను.

విశాఖలో ఇప్పటిదాకా పౌర విమానాలు దిగుతూ వచ్చింది ఐఎన్ఎస్ డేగా అనే నౌకాదళ వైమానిక స్థావరంలో. రన్‌వే మీద పెత్తనం నౌకాదళానిది కావడం వల్ల ప్రైవేటు వ్యక్తులకు హ్యాంగరు అద్దెకివ్వడం అనే ప్రశ్న నగరవాసులకు పెద్దగా ఎదురు కాలేదు. కొత్త విమానాశ్రయంలో అది తప్పకుండా ఎదురవుతుంది. తాళం వేసుకునే వీలున్న పెద్ద షెడ్డు, పైన కప్పు, చుట్టూ ఇరవైనాలుగు గంటల కాపలా, అద్దె బయటి గోదాము కంటే తక్కువ అయితే దానిలోకి ఏమేమి చేరుతాయో ఊహించడానికి గొప్ప తెలివి అక్కర్లేదు. మన అపార్టుమెంట్ల సెల్లార్లలో పాత మంచాలు, పగిలిన టైల్సు, పెళ్లి సామాను పేరుకుపోయి కార్లు వీధిలోకి ఎలా వచ్చాయో ఎం.వి.పి. కాలనీలోను, సీతమ్మధారలోను ఏ సందులోకి తొంగిచూసినా తెలుస్తుంది.

ఈ సమస్యను బాగా అనుభవించిన దేశం అమెరికా. అక్కడ సొంత విమానాలు గలవారు లక్షల్లో ఉన్నారు. చాలా విమానాశ్రయాలు కేంద్ర ప్రభుత్వ నిధులతో పెరిగాయి. ఆ నిధులు తీసుకున్నందుకు బదులుగా విమానాశ్రయపు ఆస్తిని విమానయానానికే వినియోగిస్తామని అవి మాట ఇచ్చాయి. కానీ హ్యాంగర్లలో కార్లు, పడవలు, ఇంటి సామాను నిండిపోవడం, నిజంగా విమానం ఉన్నవారు ఖాళీ కోసం ఎదురుచూడవలసి రావడం తనిఖీల్లో బయటపడింది. అక్కడి పౌర విమానయాన నియంత్రణ సంస్థ అయిన ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ 2014లో ఒక ముసాయిదా విడుదల చేసి, అభిప్రాయాలు సేకరించి, 2016 జూన్‌లో తుది విధానాన్ని ప్రకటించింది. అది 2017 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఆ విధానంలో నాకు నచ్చింది దాని ఇంగితం. హ్యాంగరులో విమానం తప్ప మరేదీ ఉండకూడదని అది హుకుం జారీ చేయలేదు. హ్యాంగరు ప్రధానంగా విమానం కోసమే వాడుతున్నంతవరకు, దానికి అడ్డురాని సొంత వస్తువులు కొన్ని ఉండనివ్వవచ్చునని చెప్పి, అడ్డు అంటే ఏమిటో విడమరిచింది. విమానం లోపలికి రావడానికీ బయటికి పోవడానికీ ఆటంకం కలిగించినా, విమానం దగ్గరకు మనిషి వెళ్లే దారి మూసినా, విమానయాన సామగ్రి ఉండవలసిన చోటును ఆక్రమించినా, విమానంతో సంబంధం లేని వ్యాపారానికి గాని పురపాలక సంస్థ పనికి గాని ఉపయోగపడినా, స్థానిక భవన నిబంధనలకు, అద్దె షరతులకు విరుద్ధంగా ఉన్నా ఆ వస్తువు అక్కడ ఉండరాదు. యజమాని విమానంలో వెళ్లినప్పుడు తన కారును హ్యాంగరు వద్ద నిలిపితే అది ఆక్రమణ కిందికి రాదు. సొంతంగా విమానం కట్టుకునే పనిని కూడా విమానయానంగానే గుర్తించారు. మరమ్మతులో ఉన్న విమానానికి చోటు ఉంది. ఎన్నటికీ ఎగరని విమానాన్ని అలా పెట్టి ఉంచడానికి మాత్రం లేదు. హ్యాంగరులో కాపురం పెట్టడాన్ని పూర్తిగా నిషేధించారు.

మన దగ్గర నియమం అంటే రెండే రూపాలు కనిపిస్తాయి. ఒకటి, ఏదీ పెట్టకూడదని గోడ మీద ఎర్రరంగుతో రాసిన బోర్డు. రెండోది, ఆ బోర్డు కిందనే పేర్చిన బస్తాలు. టీ కాచుకునే కెటిలును, రెండు కుర్చీలను కూడా నేరంగా చూసే నియమాన్ని ఎవరూ పాటించరు. ఆ తరువాత అదే నియమం ఇష్టం లేనివారిని వెళ్లగొట్టడానికి సాధనం అవుతుంది. అందువల్ల వస్తువు విమానానికి అడ్డా కాదా అని చూసే అమెరికా వారి అడ్డు పరీక్షే మేలని నా అభిప్రాయం. ఆ జాబితాలో పురపాలక పనిని కూడా చేర్చారన్నది మనవాళ్లు ప్రత్యేకంగా గమనించాలి. ఖాళీ గది కనబడితే విరిగిన బీరువాలు, పాత ఫ్లెక్సీలు తెచ్చి పడేసే అలవాటు మన ప్రభుత్వ శాఖలకు ఏ ప్రైవేటు అద్దెదారుకూ తీసిపోదు.

కాని మన తీరానికి ఆ పరీక్ష ఒక్కటే చాలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విమానాశ్రయపు టెర్మినల్ ఏమైందో నగరం చూసింది; కొన్ని రోజులపాటు విమానాల రాకపోకలు నిలిచిపోయాయి. అప్పటి గాలి వేగం గంటకు దాదాపు 180 కిలోమీటర్లు. నాలుగు సీట్ల సాధారణ శిక్షణ విమానం ముప్పాతిక టన్ను బరువుతో, గంటకు 90 కిలోమీటర్ల వేగం దగ్గరే గాలిలో నిలవగలిగేటట్లు తయారవుతుంది. అంతకు రెట్టింపు గాలిలో దాన్ని ఆరుబయట తాళ్లతో కట్టి ఉంచడం దాని మీద ఆశ వదులుకోవడమే. తుపానుకు ముందు దాన్ని వేరే ఊరికి ఎగరేసుకుపోవాలి, లేదా హ్యాంగరులో పెట్టాలి. మామూలు రోజుల్లో మూలన ఒదిగి ఉన్న సోఫా ఎవరికీ అడ్డు కాకపోవచ్చు. కాని తుపాను వేళ రెండు విమానాలు సర్దుకోవలసిన చోట ఆ సోఫాయే ఒక రెక్కకు చోటు లేకుండా చేస్తుంది. వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలను దశలవారీగా ఇస్తుంది; రెండో దశ హెచ్చరిక కనీసం 48 గంటల ముందు వస్తుంది. ఆ హెచ్చరిక వెలువడగానే విమానయానేతర సామాను అంతా ఖాళీ చేయాలని, చేయకపోతే విమానాశ్రయం వారే తీయించి ఖర్చు వసూలు చేస్తారని ఒప్పందంలో ఒక షరతు చేర్చడం కష్టమైన పని కాదు. తుపాను హెచ్చరికల కేంద్రం మన నగరంలోనే ఉంది.

నిప్పు సంగతి ఇంతకన్నా తీవ్రమైనది. చిన్న విమానాలు వాడే ఏవ్‌గ్యాస్ పెట్రోలు జాతికి చెందిన ఇంధనం. దాని ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేలబారున పరుచుకుంటుంది. మూలనున్న పాత ఫ్రిజ్ నుంచి వచ్చే ఒక్క నిప్పురవ్వ దానికి చాలు. గ్యాస్ సిలిండరు, రంగు డబ్బాలు, థిన్నరు, పరుపులు దగ్గరలో ఉంటే మంట ఆగదు. డీజిలు, వంటగ్యాస్ సిలిండర్లు ఒకే చోట ఉంటే ఏమవుతుందో 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో దాదాపు నలభై బోట్లు కాలిపోయినప్పుడు అందరం చూశాం. సిలిండర్లకు, మండే ద్రవాలకు మాత్రం అడ్డు పరీక్ష వర్తింపజేయకుండా నేరుగా నిషేధమే ఉండాలి. బ్లీచింగ్ పౌడరు, ఎరువులు కూడా ఆ జాబితాలోవే, ఎందుకంటే అవి అల్యూమినియాన్ని తినేస్తాయి, పైగా మనది ఉప్పుగాలి తీరం. బియ్యం బస్తాలంటారా, ఎలుకలు వస్తాయి. ఎలుకలు విమానంలోని వైర్లను కొరికితే అది పైలటుకు తెలిసేది గాలిలోనే.

అద్దె గురించి కూడా ఒక మాట చెప్పాలి. అమెరికా విధానం ప్రకారం హ్యాంగరు కోసం విమానాల వారెవరూ అడగనప్పుడు దాన్ని తాత్కాలికంగా ఇతర పనులకు ఇవ్వవచ్చు, కాని మార్కెట్ ధర వసూలు చేయాలి. ఇక్కడా అదే న్యాయం. భోగాపురం భూములను రైతుల నుంచి విమానాశ్రయం కోసమని సేకరించారు. ఆ నేల మీద చవక గోదాము నడపడానికి ఏ ఊరూ ఖాళీ చేయలేదు. పైగా మన 2016 జాతీయ పౌర విమానయాన విధానం ప్రకారం విమానాశ్రయానికి విమానయానేతర మార్గాల్లో వచ్చే ఆదాయంలో 30 శాతాన్ని విమానయాన చార్జీల భారం తగ్గించడానికి లెక్కలోకి తీసుకుంటారు. గోదాముగా మారిన హ్యాంగరు అద్దెను విమానం అద్దెగా చూపిస్తే ఆ లెక్క తప్పుతుంది.

కాబట్టి విమానాశ్రయ నిర్వాహకులు, రాష్ట్ర ప్రభుత్వం హ్యాంగరు ఒప్పందం ముసాయిదాను ముందుగా ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు కోరాలి. ముందస్తు నోటీసుతో ఏటా తనిఖీ జరగాలి; అగ్నిమాపక సిబ్బందికి మాత్రం ఆ నోటీసు అక్కర్లేదు. హ్యాంగరు కోసం దరఖాస్తు చేసి వేచి ఉన్నవారి వరుస పట్టికను, కేటాయించిన ప్రతి హ్యాంగరులో ఉన్న విమానపు రిజిస్ట్రేషన్ గుర్తును విమానాశ్రయం వెబ్‌సైటులో ఉంచాలి. అప్పుడు తాళం వేసిన తలుపు వెనుక విమానం ఉందా, సామాను ఉందా అని అడిగే హక్కు వరుసలో ఉన్నవారికి దక్కుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.