కాయలు ఓనరువి, మట్టలు మావి

సంపాదకుడు గారికి,

రెండు వారాల కిందట ఆదివారం పేజీలో అద్దె ఇంట్లో ఏ పని ఎవరిదో చెబుతూ ఒక పట్టిక వేశారు. ఇప్పుడు రాస్తోందేమిటి అనుకోకండి. ఆ పేజీ మా ఓనరు గారి కంట్లో పడి, ‘తోట నిర్వహణ - అద్దెదారు’ అన్న లైను చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఫొటో తీసి నా వాట్సాప్‌కి చేరేసరికి ఇన్నాళ్లు పట్టింది. కింద ఒక దండం బొమ్మ కూడా పెట్టారు.

ఆ లైను మీరు సగమే వేశారండీ. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం రెండో షెడ్యూలులో ఉన్నది, అద్దెకు ఇచ్చిన లేదా అద్దెదారు వాడుకుంటున్న తోటలు, ఖాళీ స్థలాల నిర్వహణ అని. కుళాయి వాషర్లు, స్విచ్చులు, కిటికీ అద్దాలు అన్నీ పొల్లుపోకుండా దించి, ఈ ఒక్క చోటే జాగా చాల్లేదా? పైగా అది నమూనా. ఏ రాష్ట్రానికా రాష్ట్రం చట్టంగా చేసుకుంటే తప్ప దానికదే ఎవరి మీదా పనిచేయదు. ఆ ముక్క ఎక్కడా లేదు.

మా పదకొండు నెలల అగ్రిమెంటులో రాసింది రెండు బెడ్రూములు, హాలు, వంటగది, ఒక బండి పెట్టుకునే చోటు, అంతే. పెరడు ఊసే లేదు. పెరటి తలుపు తాళం ఓనరు గారి దగ్గరే ఉంటుంది. లోపల రెండు కొబ్బరి చెట్లు, ఒక మునగ చెట్టు, గేటు పక్కన ఇంకో కొబ్బరి చెట్టు. దింపుకి మనిషిని వెంటబెట్టుకుని ఆయనే వస్తారు, కాయలు లెక్కపెట్టి గోనెల్లో వేయించుకుని, రెండు కాయలు మా గుమ్మం పక్కన పెట్టి ‘పచ్చడి చేసుకో అమ్మా’ అని వెళ్లిపోతారు. అంకుల్, ఆ ఎండు మట్టలు కూడా తీయించండి అంటే, ‘మట్టలు తీయాలంటే వాడు విడిగా అడుగుతాడమ్మా, అది నువ్వు చూసుకో’ అంటారు. మునగ కాడలూ అంతే, కాడలు ఆయనవి, వానాకాలంలో గోడ దిగి మా కిటికీ మీదికొచ్చే గొంగళి పురుగులు మావి.

పోయిన నెల ఒక రాత్రి గేటు పక్క చెట్టు నుంచి మట్ట ఊడి మా స్కూటీ మీద పడింది. అద్దం విరిగింది, సీటు చిరిగింది. మట్ట మొదలు ఎంత బరువుంటుందో ఎత్తి చూసినవాళ్లకే తెలుస్తుంది. మా అమ్మాయి రోజూ ఎనిమిదింటికి స్కూలు ఆటో కోసం నిలబడేది సరిగ్గా అక్కడే. ఆ రోజు నుంచి దాన్ని వీధి చివర నిలబెడుతున్నాను. దీన్ని తోట నిర్వహణ అంటారా? కుండీలు, గడ్డి, వాకిలి ఊడవడం మా పనే, ఎవరు కాదన్నారు, మల్లె తీగకీ తులసికీ నేనే నీళ్లు పోస్తున్నాను. నలభై అడుగుల చెట్టు మీద ఎండిన మట్ట నా కుండీలో మొక్క కాదు కదా.

పోనీ మేమే ఆ చెట్టు కొట్టించేద్దామంటే అదీ కుదరదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను అద్దెదారు కలప చెట్లు కొట్టకూడదంటుంది, 2002 నాటి వాల్టా చట్టం, అదే నీరు, భూమి, చెట్ల చట్టం, చెట్టు కొట్టాలంటే అనుమతి తెచ్చుకోమంటుంది. అనుమతి ఎలాగో కనుక్కుందామని ఆఫీసుకి వెళ్తే, ఇంటి పన్ను ఎవరి పేరున ఉంటే వాళ్లే రావాలన్నారు. ఓనరు గారిని రమ్మంటే ఆయనకి మోకాళ్ల నొప్పులు. దింపు రోజున మాత్రం ఆ నొప్పులుండవు.

ఆఫీసుల మాట వచ్చింది కాబట్టి ఇదీ వినండి. వానలకి ముందు కొమ్మలు కొట్టాలని పొద్దున్నుంచీ కరెంటు తీసేస్తారు కదా, మీ పేపర్లోనే ప్రకటన వస్తుంది. ఈసారి మా వీధిలో బాదం కొమ్మలు కొట్టి రోడ్డుకి అడ్డంగా వదిలేసి పోయారు. చెత్త బండి అబ్బాయిని అడిగితే కొమ్మలు మా పని కాదన్నాడు. కొట్టినవాళ్లేమో కొట్టడం వరకే మా పని అన్నారు. నాలుగు రోజులు అలాగే పడున్నాయి, మేకలు తిన్నంత తిన్నాయి, మిగతాది మా ఆయన, ఎదురింటి మాస్టారు కలిసి ఈడ్చారు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ విశాఖలో ఎన్ని చెట్లు కూలాయో చూసినవాళ్లం. అయినా ఏటా వనమహోత్సవానికి మొక్క పట్టుకుని పదిమంది ఫొటో దిగుతారే గానీ, ఉన్న చెట్టుకి ఎండు మట్ట తీయడం ఎవరి పనో తేల్చేవాళ్లు ఒక్కరూ లేరు.

నన్నడిగితే ఫలసాయం ఎవరిదైతే చెట్టెక్కించే ఖర్చూ వాళ్లదే, అగ్రిమెంటులోనే చెట్లు లెక్కపెట్టి మరీ రాసుకోవాలి. లేదంటే తాళం, గోనెలు మాకిచ్చేయండి, మట్టలు మేమే తీయించుకుంటాం.

వచ్చే ఆదివారం ఆ లైను పూర్తిగా మళ్లీ వేయండి, కాస్త పెద్ద అక్షరాల్లో. ఓనరు గారు చదివేది మీ పేపరే, అదీ మా గేట్లో పడేదే.

ఇట్లు,
ఒక అద్దెదారు,
విశాఖపట్నం