ధ్యానం మంచిదే, కానీ ఏడిపించేవాళ్ళ సంగతేంది?

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బోడి స్కూల్లో పొద్దున ప్రేయర్ అయినాక ఐదు నిమిషాలు కళ్ళు మూసుకోని కూర్చోబెడతా ఉండారు, మైండ్‌ఫుల్‌నెస్ అంట, దీంతో పిల్లోళ్ళు ఒకర్నొకరు ఏడిపించుకునేది తగ్గుతాదని మీటింగులో చెప్పినారు. కూర్చోబెట్టడం మంచిదే. కానీ ఏడిపించే పిల్లోళ్ళందరూ ఒకే తత్వం కాదు కదండీ.

సైకాలజీలో బిగ్ ఫైవ్ అని మనిషి స్వభావాన్ని ఐదు గుణాలుగా చూస్తారు, అందులో ఎదుటోళ్ళతో సర్దుకోని పోయే గుణం తక్కువుండే పిల్లల్లో ఈ ఏడిపించే అలవాటు ఎక్కువని చాలా పరిశోధనల్లో తేలింది. వాళ్ళల్లో కూడా కొందరు ఉడుకు మనుషులు, ఎవరన్నా ఒక మాటంటే చాలు చెయ్యి లేస్తాది, అట్లాంటోడికి కోపం వస్తా ఉండేది ముందే తెలుసుకోని ఆగడం నేర్పిస్తే పనికొస్తాది. ఇంకో రకం ఉంటారు, కోపమే ఉండదు, నలుగుర్లో పెద్దోడు అనిపించుకోవాలని మెత్తగా ఉండేవాళ్ళని చూసుకోని మరీ ఏడిపిస్తారు. కళ్ళు మూసుకుంటే వాడు మారతాడా?

బ్రిటన్‌లో 85 స్కూళ్ళల్లో 8 వేల మందికి పైగా పిల్లల్ని తీసుకోని, కొన్ని స్కూళ్ళల్లో మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులు, మిగిలిన వాటిల్లో మామూలు పాఠాలు పెట్టి చూసినారు, 2022లో రిజల్ట్ వచ్చింది, మామూలుగా చెప్పే పాఠాల కన్నా పిల్లల మానసిక ఆరోగ్యానికి ఎక్కువ లాభమేమీ కనపడలేదు.

నాకు బాధగా ఉండేది ఇంకోటి. మా వీధిలో తొమ్మిదో తరగతి పాప ఫోటోని స్టిక్కర్ చేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో తిప్పినారు, ఆ పిల్ల ఏడ్చుకుంటా పోయి స్కూల్లో చెప్తే 'పట్టించుకోవద్దమ్మా, ధ్యానం చేసుకో' అన్నారంట! దెబ్బ తిన్న పిల్లకా మీరు నేర్పించేది? ఆ గ్రూపులో అందరూ నవ్వే ఎమోజీలు పెట్టినోళ్ళే, తీసేయ్ రా అని ఒక్కరు కూడా అనలేదు. ఫిన్లాండ్‌లో కివా అనే ప్రోగ్రాం ఉంది, అందులో ముఖ్యంగా ఈ చూస్తా నిలబడే పిల్లల మీదనే పని చేస్తారు, నవ్వేవాళ్ళు లేకపోతే ఏడిపించేవాడికి ఊపు ఉండదని. అక్కడ ఏడిపించేది తగ్గింది కూడా.

మన తిరుపతి, చిత్తూరు స్కూళ్ళల్లో ఆ ఐదు నిమిషాలు అట్లే ఉండనీండి, కాకపోతే వారానికి ఒక పీరియడ్ పిల్లోళ్ళతో ఈ విషయం మాట్లాడండి, ఎవరికి చెప్పుకోవాలో ఒక టీచర్ పేరు, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి క్లాసు గోడ మీద రాయించండి. డీఈఓ గారు దీని మీద ఒక ఆర్డరు ఇస్తే బాగుంటాది.

ఇట్లు,
ఒక తండ్రి, బైరాగిపట్టెడ, తిరుపతి