పాత జెట్‌స్కీలో ఏ ఆయిల్ పోస్తున్నారో ఒక్కసారి చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను డాలస్ దగ్గర ఉంటానండి, మీ పేపర్ రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్లో చదువుతా. ఎండాకాలం వచ్చిందంటే చాలు ఎన్నారై పేజీలో లేకుల దగ్గర పిక్నిక్ ఫోటోలు, మనవాళ్ళు లైఫ్ జాకెట్లు వేసుకుని జెట్‌స్కీల (నీళ్ళ మీద తిరిగే స్కూటర్ లాంటి బళ్ళు) మీద కూర్చున్న ఫోటోలు వస్తుంటాయి, చూస్తే సంతోషంగానే ఉంటుంది, కానీ నా కళ్ళు ముందు మనుషుల మీదికి పోవు, బండి మీదికి పోతాయి. అందులో చాలావరకు 90ల నాటి టూ స్ట్రోక్ బళ్ళు, అంటే పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా కాల్చుకుంటూ తిరిగేవి. వాటి గురించి తెలుగులో ఎక్కడా నాలుగు ముక్కలు రాసినట్టు కనపడలేదు, అందుకే ఈ ఉత్తరం.

ఈ పాత బళ్ళు మనవాళ్ళ చేతికి ఎందుకొస్తున్నాయంటే చవక కాబట్టి. 90ల చివర నుంచి 2006 దాకా ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ పొగ రూల్స్ ఏడాదికేడాది బిగించుకుంటూ వచ్చింది, 2002లో యమహా వాళ్ళు ఎఫ్ఎక్స్ 140 అని మొదటి ఫోర్ స్ట్రోక్ వేవ్‌రన్నర్ (యమహా జెట్‌స్కీల పేరు) దింపారు, ఇంకో జెట్‌స్కీ కంపెనీ సీడూ వాళ్ళు కూడా అదే ఏడాది ఫోర్ స్ట్రోక్‌కి వచ్చేసారు, ఇంక అక్కడి నుంచి టూ స్ట్రోక్‌లు మెల్లగా ఆగిపోయాయి. ఇప్పుడు 25, 30 ఏళ్ళ బండి ట్రైలర్‌తో సహా తక్కువకి దొరుకుతుంది, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి కొనేస్తున్నారు. కొనడం తప్పు కాదు, నేనూ కొన్నా. తర్వాత అందులో ఏం పోస్తున్నాం అన్నదే నా బాధ.

మనందరికీ స్కూటర్ అలవాటు ఉంది కదండీ. మా నాన్న చేతక్‌కి బంకులో పెట్రోల్ కొట్టించేటప్పుడు పక్కనే ఉన్న చిన్న పంపు చేత్తో తిప్పి 2టీ ఆయిల్ పోసేవాళ్ళు, లీటరుకి 20 ఎంఎల్, అంటే 50కి 1 పాళ్ళు, అది ఏ కంపెనీదో ఏ గ్రేడో ఎవరూ అడిగింది లేదు, బండి పొగ వదులుకుంటూ 20 ఏళ్ళు తిరిగింది. ఆ గుర్తుతోనే ఇక్కడా "టూ స్ట్రోకే కదా, 2టీ పోస్తే సరి" అనుకుంటాం. 782 సీసీలో 110 హార్స్‌పవర్ తీసే నా జెట్‌స్కీ ఇంజన్‌కి, ఏడెనిమిది హార్స్‌పవర్ స్కూటర్‌కి ఒకే లెక్క పనికిరాదండి.

నాది 1997 సీడూ జీటీఎక్స్, రోటాక్స్ 787 ఇంజన్ (787 అన్నది పేరు, సీసీ కాదు). ఇందులో ఆయిల్‌కి వేరే ట్యాంకు ఉంటుంది, అక్కడి నుంచి ఒక పంపు ఇంజన్‌కి పంపిస్తుంది. ముందు ఓనరు పెద్దాయన, సింథటిక్ ఆయిల్ ఒకటే వాడేవాడు, సగం వాడిన డబ్బా కూడా ఇచ్చాడు. పోయిన ఏడాది జులై 4 లాంగ్ వీకెండ్‌కి లూయిస్‌విల్ లేక్‌కి వెళ్ళాం, మధ్యాహ్నానికి ఆయిల్ లైట్ వెలిగి బజర్ మోగింది. నా దగ్గర డబ్బా లేదు. మా వీధిలోనే ఉండే తమ్ముడిది యమహా వేవ్‌రన్నర్, పాతదే, అతని దగ్గర నీలం రంగు ఆయిల్ గాలన్ డబ్బా ఉంది. "అన్నయ్యా ఇదే పోసెయ్, రెండూ టూ స్ట్రోకే, రెండూ నీళ్ళలో తిరిగేవే" అన్నాడు, మంచి మనసుతోనే అన్నాడు పాపం, నేనూ పోసేసా. ఆ రోజు బ్రహ్మాండంగా నడిచింది, మర్నాడు కూడా నడిచింది, ఆగస్టులో మూడో ట్రిప్పుకి మాత్రం ఫుల్ థ్రాటిల్‌లో ఉండగా ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టు బండి పడిపోయింది, మళ్ళీ స్టార్ట్ అయింది కానీ ఆ గొంతు వేరే.

ఇంటికి తెచ్చి సీటు తీసి చూస్తే ఆయిల్ ట్యాంక్ కింద ఒక చిన్న ప్లాస్టిక్ ఫిల్టర్ ఉంటుంది, బొటనవేలంత, లోపల ఏముందో బయటికి కనపడుతుంది. మామూలుగా అందులో ఆయిల్ పల్చగా తేటగా ఉండాలి. నాదాంట్లో సగ్గుబియ్యం జావ చల్లారితే ఎలా ఉంటుందో అలా ఒక ముద్ద జాలీకి అంటుకుని ఉంది, వేలితో నొక్కితే సాగుతోంది. అక్కడి నుంచి పంపుకి, పంపు నుంచి రెండు సిలిండర్లకీ సన్న గొట్టాలు వెళ్తాయి, అందులో వెనక సిలిండర్ గొట్టంలో వేలెడు పొడుగున గాలి బుడగ కదలకుండా నిలబడి ఉంది. సిలిండర్ లోపలి ఒత్తిడి చూసే కంప్రెషన్ గేజ్ పెడితే ముందు సిలిండర్ 150 పీఎస్ఐ, వెనకది 95. పిస్టన్ ఎగ్జాస్ట్ వైపు గోళ్ళతో గీరినట్టు చారలు. ట్యాంకులో ఆయిల్ నిండుగానే ఉంది, లైట్ వెలగలేదు, ఎందుకంటే ఆ లైట్ ట్యాంకులో ఆయిల్ ఉందా లేదా అనే చెప్తుంది, ఇంజన్‌కి చేరుతోందా లేదా అన్నది దానికి తెలియదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి దయచేసి.

అప్పుడు కూర్చుని మాన్యువల్ మొత్తం చదివా. నా బండికి కాలాక తక్కువ బూడిద వచ్చే ఏపీఐ టీసీ అనే గ్రేడ్ ఇంజెక్షన్ ఆయిల్ (పంపుతో పంపించే రకం) వాడాలి, ఔట్‌బోర్డ్ మోటార్ల (పడవ వెనక తగిలించే ఇంజన్లు) కోసం చేసిన టీసీ-డబ్ల్యూ, టీసీ-డబ్ల్యూ2, టీసీ-డబ్ల్యూ3 ఆయిల్స్ పోయొద్దు, ఏపీఐ టీసీలో కూడా ఒక బ్రాండుని ఇంకో బ్రాండుతో కలపొద్దు, కలిపితే వాటి కెమికల్స్ ఒకదానికొకటి పడక ఇంజన్ దెబ్బతింటుంది అని స్పష్టంగా రాసి ఉంది. తమ్ముడి యమహా మాన్యువల్ తీసి చూస్తే దానికి టీసీ-డబ్ల్యూ3నే పోయమని ఉంది, కవాసకీ జెట్‌స్కీలకి కూడా అదే. అంటే అతని ఆయిల్ మంచిదే, అతని బండికి. నా బండికి కాదు. ఒకే లేకులో పక్కపక్కన తిరిగే రెండు బళ్ళకి రెండు రకాల ఆయిల్ అని నాకు అప్పటిదాకా తెలీదు.

తేడా ఎక్కడంటే, టీసీ-డబ్ల్యూ3 అసలు బూడిద రాని ఆయిల్, చల్లగా నడిచే ఔట్‌బోర్డ్ ఇంజన్లలో ప్లగ్‌లు మసి పట్టకుండా, నీళ్ళ తేమకి తుప్పు పట్టకుండా చూస్తుంది. ఏపీఐ టీసీలో కొంచెం బూడిద మిగిల్చే డిటర్జెంట్ కూడా ఉంటుంది, పిస్టన్ బాగా వేడెక్కినప్పుడు రింగుల దగ్గర జిగురు కట్టకుండా కాపాడేది అదే. పైగా నా ఇంజన్‌లో పెట్రోల్ గాలి లోపలికి వచ్చే దారిని తిరుగుతూ తెరిచి మూసే రోటరీ వాల్వ్ అని ఉంటుంది, దాని ఇత్తడి పళ్ళ చక్రం ఎప్పుడూ ఈ ట్యాంకులోని ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది, ఎగ్జాస్ట్ వైపు పొగ పోయే దారిని పెంచి తగ్గించే రేవ్ వాల్వ్‌లు ఇంకో రెండు. అంటే కాలిపోయే ఆయిల్ ఒక్కటే కాదు, గేర్‌కి కావాల్సిన ఆయిల్ కూడా అదే డబ్బా నుంచి రావాలి. రంగు చూసి మాత్రం ఏదీ చెప్పలేం, అది కంపెనీ వాడు ఇష్టం వచ్చినట్టు వేసే డై. డబ్బా ముందు వైపు బోటు బొమ్మ, జెట్‌స్కీ బొమ్మ ఉంటాయి, అవి కాదు, వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవాలి.

ఇంక ఆయిల్ మార్చేటప్పుడు చాలామంది పాతది కొంత మిగిలి ఉండగానే పైన కొత్తది పోస్తారు, నేను చేసింది కూడా అదే, అది వద్దు. నేను తర్వాత ఎలా చేసానో చెప్తా. చేతి పంపుతో ట్యాంక్ మొత్తం లాగేసి, లోపల అడుగున ఉన్నది కూడా గుడ్డతో తుడిచా. ఫిల్టర్ పారేసి కొత్తది వేసా. సన్న గొట్టాలు వయసుకి గట్టిపడి వంచితే విరిగేట్టున్నాయి, అన్నీ మార్చా. రోటరీ వాల్వ్‌కి వెళ్ళే లావు గొట్టం, వెనక్కి వచ్చేది, రెండూ విప్పి అందులోది కూడా కార్చేసా, ఇది చాలామంది మర్చిపోతారు. కొత్త ఆయిల్ పోసాక పంపు మీదుండే బ్లీడ్ స్క్రూ కొంచెం వదులు చేసి బుడగలు పోయేదాకా ఆగి బిగించా. తర్వాత పెట్రోల్ ట్యాంకులో మొదటి ఫిల్‌కి మాత్రం అదే ఆయిల్ 50కి 1 కలిపా, గొట్టాల్లో ఇంకా ఎక్కడైనా గాలి ఉంటే ఆ కాసేపు పిస్టన్ ఎండకుండా. ఇంజన్ చల్లబడటానికి నీళ్ళ హోస్ పెట్టి స్టార్ట్ చేసి, ఐడిల్‌లో పంపు లివర్ చేత్తో పూర్తిగా లాగి పట్టుకుంటే రెండు సన్న గొట్టాల్లోనూ ఆయిల్ పాకుతూ వెళ్ళడం కళ్ళారా చూసా, అప్పటికి గాని నా ఊపిరి కుదుటపడలేదు. (హోస్ పెట్టేటప్పుడు ఇంజన్ స్టార్ట్ అయ్యాకే నీళ్ళు తిప్పండి, ముందు నీళ్ళు కట్టేసి తర్వాత ఇంజన్ ఆపండి, తిరగేసి చేస్తే నీళ్ళు సిలిండర్‌లోకి పోతాయి.) ఇప్పుడు ట్యాంకు పక్కన మార్కర్‌తో గీత పెట్టుకున్నా, పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ ఆయిల్ ఎంత దిగిందో చూస్తా. దిగకపోతే ఆ రోజు నీళ్ళలోకి దిగను.

కొంతమంది ఈ గొడవంతా ఎందుకని ఆయిల్ పంపే పీకేసి పెట్రోల్‌లో కలుపుకుంటారు. పాత 440, 550 కవాసకీలకి అది సరే, రోటరీ వాల్వ్ ఉన్న వాటికి మాత్రం పంపు తీసేసినా ఆ లావు గొట్టాలూ ట్యాంకూ ఉంచాల్సిందే. పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టూ స్ట్రోక్ మోడల్స్‌కి వాటి ఆయిల్ వాటికే, అక్కడ ప్రయోగాలు అసలు చెయ్యొద్దు.

ఎడిటర్ గారూ, మీ ఆటో పేజీలో ప్రతి వారం కొత్త కార్లు, ఎలక్ట్రిక్ బైకులు వస్తాయి, బాగుంటాయి. అందులో ఒక్క వారం ఈ పాత టూ స్ట్రోక్ బళ్ళకి ఇవ్వండి, తెలిసిన మెకానిక్‌తో రాయించండి. రుషికొండ బీచ్‌లో జెట్‌స్కీలు తిప్పేవాళ్ళకి కూడా పనికొస్తుంది, వాళ్ళకి ఉప్పునీళ్ళ బాధ ఒకటి అదనం. ఇక్కడ మన కుర్రాళ్ళు సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు "ఎన్ని గంటలు తిరిగింది, ఎంతకిస్తావు" అని మాత్రమే అడుగుతున్నారు, "ఇందులో ఇప్పుడు ఏ ఆయిల్ ఉంది" అని అడిగినవాణ్ణి నేను ఇంకా చూళ్ళేదు. ఓనరు తడబడితే ట్యాంక్ ఖాళీ చేసే ఖర్చు కూడా లెక్కలో వేసుకుని బేరమాడమనండి. మా వీధి తమ్ముడు, నేను ఇప్పుడు మా ఆయిల్ డబ్బాల మీద తెల్ల టేప్ అతికించి లావు అక్షరాలతో యమహా, సీడూ అని తెలుగులో రాసుకున్నాం.

ఇట్లు
మీ పాఠకుడు,
డాలస్, టెక్సస్