చెవి అందే దాకా ఆగలేమా?

అయ్యా,

మా చిన్నప్పుడు బడిలో చేర్చడానికి పుట్టిన తేదీ కాగితం ఎవరూ అడిగేవారు కాదు. కుడిచెయ్యి తల మీదుగా తెచ్చి ఎడమ చెవి పట్టుకోమనేవారు మాస్టారు. అందితే బడికి, అందకపోతే ఇంటికి. ముప్ఫై ఏళ్ళకు పైగా ఒకటో తరగతికి చెప్పాక ఆ పరీక్షలోని తెలివి నాకు తెలిసొచ్చింది. పసివాళ్ళకు తల పెద్దది, చేతులు పొట్టివి. 6, 7 ఏళ్ళ మధ్యకొచ్చేసరికి కాళ్ళూ చేతులూ సాగి చెవి అందుతుంది. ముందరి పాలపళ్ళు కదిలేదీ ఇంచుమించు అప్పుడే.

మా మనవడికి ఇప్పుడు ఐదేళ్ళ మూడు నెలలు. ఈ జూన్‌లో ఒకటో తరగతిలో కూర్చోబెడతామంటున్నారు. యూకేజీలో రోజూ సాయంత్రం నాలుగు గీతల కాపీలో రెండు పేజీలు కర్సివ్ రాయాలి. పెన్సిల్‌ని పిడికిట్లో బిగించి పట్టుకుంటాడు. మూడో వరసకల్లా "అమ్మమ్మా, నొప్పి" అంటూ చెయ్యి విదిలించుకుంటాడు. మర్నాడు అదే పేజీ మీద ఎర్రసిరాతో 'నీట్‌గా లేదు' అని రాసి వస్తుంది. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఒక్కొక్కటే ఎముకగా మారుతూ వస్తుంది. ఆఖరుదాని వంతు వచ్చేసరికి చాలామందికి తొమ్మిదో పదో ఏళ్ళు నిండుతాయి. అంత లేత చేతికి రోజుకు రెండు పేజీలా!

మొన్న రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా మజ్జిగ పోసి, వాడు చూస్తుండగానే ఒకదాన్ని సన్నటి పొడుగు గ్లాసులోకి ఒంపాను. అందులోనే ఎక్కువుంది, నాకదే కావాలని పేచీ పెట్టాడు. ఎనిమిదేళ్ళ వాళ్ళక్క "అదే మజ్జిగ కదరా" అంది. పాత్ర మారినా పరిమాణం మారదని గ్రహించడాన్నే పిల్లల ఆలోచనా వికాసాన్ని పరిశీలించిన మనస్తత్వవేత్త పియాజే 'పదిలపరచుకునే భావన' అన్నాడు. ఏడేళ్ళ ప్రాంతానికి గానీ కుదరదు. డీఎస్సీకి చదివే ప్రతివారూ దీన్ని వల్లెవేస్తారు. అలా చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళం, తరగతిలో ఐదేళ్ళ పిల్లల్ని చూసి ఎందుకు నోరు మెదపం? మజ్జిగ లెక్కే తేలని బిడ్డకు రెండంకెల తీసివేతలు ఇస్తున్నారు. 3 తిప్పి రాస్తే కొట్టేస్తున్నారు. ఆ వయసులో అంకెలూ అక్షరాలూ తిప్పి రాయడం మామూలే, చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది.

2009 విద్యాహక్కు చట్టం వర్తించేది 6 ఏళ్ళ నుంచి. 2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ళ దాకా ఒకే దశగా చూసి, ఆటపాటలతో నేర్పమంది. 6 ఏళ్ళు నిండాకే ఒకటో తరగతి అని 2023 ఫిబ్రవరిలో కేంద్రం రాష్ట్రాలకు మళ్ళీ రాసింది. తల్లిదండ్రులకేమో ఏడాది వృథా అవుతుందని బెంగ. ఆ బెంగతో పుట్టిన తేదీ వెనక్కి జరిపించి వయసు ఎక్కువ చూపించిన వాళ్ళనూ నా సర్వీసులో చూశాను. ఆ పిల్లల్లో కొందరు మూడో తరగతిలోనూ వెనక బెంచీలో బిక్కుబిక్కుమంటూ కూర్చునేవారు. వాళ్ళ ముఖాలు నాకింకా గుర్తే.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలకు నా మనవి. ఈ వేసవి అడ్మిషన్లకు ముందే 6 ఏళ్ళ నిబంధనను ప్రతి బడి గేటు మీద తెలుగులో రాయించండి. ఎల్‌కేజీ, యూకేజీలకు రాతపని హోంవర్కు ఆపించండి. ఎంఈవోలు (మండల విద్యాధికారులు) తనిఖీకి వెళ్ళినప్పుడు ఆ పిల్లల కాపీలు కూడా తెరిచి చూడండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి