ఆరు చేతుల ఆక్టోపస్

అమ్మలూ,

నువ్వు చూడమన్న 'ఇట్ కేమ్ ఫ్రమ్ బినీత్ ది సీ' నిన్న రాత్రి ఇంట్లో చూశాం. 1955 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా. మొదట్లో మాటలే ఎక్కువ, మీ అమ్మ కునికిపాట్లు పడింది. ఆక్టోపస్ గోల్డెన్ గేట్ బ్రిడ్జిని పట్టుకున్నాక లేచి కూర్చుంది, ఇక అయిపోయేదాకా కదల్లేదు.

డబ్బు చాలక ఆక్టోపస్‌కు ఎనిమిదికి బదులు ఆరు చేతులే పెట్టారని చెప్పావుగా, లెక్కపెడదామని చూశాను. కుదిరితేగా! మిగతావి నీళ్లలో ఉన్నాయనే అనిపిస్తుంది. పైగా బ్రిడ్జి కూలినట్టు చూపిస్తే జనానికి దానిమీద నమ్మకం పోతుందని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం వాళ్లు షూటింగుకు సహకరించలేదట. అయినా తీశారు.

నన్ను పట్టేసింది మాత్రం ఆ చేయి వీధిలోకి పాకే చోటు. మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. ఆ ఆక్టోపస్ లోపల ఇనుప కీళ్లున్న రబ్బరు బొమ్మ. తెరమీద సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 ఫోటోలు, చేతిని కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో ఫోటో. జాయింటు లూజైతే జరిపిన చేయి జారిపోతుంది, తెరమీద వణుకు కనిపిస్తుంది. మరీ బిగిస్తే ఒకటి కదిపినప్పుడు పక్కదీ కదులుతుంది. ఎక్కడ పెడితే అక్కడ ఆగాలి. ఆ ప్రాణం రబ్బరులో లేదమ్మా, లోపలి ఇనుములో ఉంది.

బొమ్మలను కదిలించిన రే హ్యారీహౌసెన్ గురించి తర్వాత చదివాను. ఆయన గీసిచ్చిన ప్రకారం బొమ్మల లోపలి ఇనుప కీళ్లు చేసింది వాళ్ల నాన్న ఫ్రెడ్. బుల్లి బొమ్మలకు బట్టల పనిలో వాళ్లమ్మ సాయం. 1973లో తండ్రి పోయాకే ఆ కీళ్ల పని బయట మెషినిస్టుకు ఇచ్చాడట. అది చదివాక చాలాసేపు నిద్ర పట్టలేదు.

నీ ప్రాజెక్టులో పీత బొమ్మకు ఖర్చు తగ్గాలని పది కాళ్లలో నాలుగు తీసేస్తానన్నావు. కథకు ఆరు చాలనిపిస్తే సరే, నీ ఇష్టం. డబ్బు కోసమైతే మాత్రం వద్దు. కీళ్లు ఆన్‌లైన్లో కొనకు, మన లేత్ మీద నేను తీసిస్తాను. బంతి సైజు, రాడ్ పొడవు, పీత మొత్తం బరువు డ్రాయింగు మీద రాసి పంపు. రెండు ఇత్తడి ప్లేట్ల మధ్య స్టీలు బంతి పెట్టి స్క్రూ ఇస్తాను, టైటు ఎంత కావాలో నువ్వే అలెన్ కీతో చూసుకోవచ్చు. ముందు ఒక్క కాలు చేసి పంపుతాను, కదిపి చూసి చెప్పు. శనివారం లోపు డ్రాయింగు వస్తే ఆదివారం మిషన్ ఖాళీగానే ఉంటుంది.

నాన్న